నానమ్మనడుగు

ఆదివారం. పొద్దున్నుంచీ ముసురు. ఇడ్లీలు తింటున్నంతసేపూ మా వాడు తలెత్తలేదు. బళ్లో వాడి పక్కన కూర్చునే పిల్ల వేరే సెక్షన్‌కి మారిపోయి నాలుగు రోజులైంది. వాడి డబ్బాలో సున్నుండలుంటే సగం ఆ పిల్లకే. "ఏమైందిరా?" అంటే "ఏం లేదు నాన్నా" అంటాడు. మూడో క్లాసు పిల్లాడి బెంగకి ఏం చెప్పాలో నాకు తోచలేదు.

మధ్యాహ్నం లాప్‌టాప్‌లో ఓ పాత మూకీ పెట్టాను. 1925 నాటి 'ఆస్క్ గ్రాండ్‌మా'. హాలీవుడ్ నిర్మాత హాల్ రోచ్ 1922లో మొదలుపెట్టిన 'అవర్ గ్యాంగ్' అనే పిల్లల పొట్టి సినిమాల్లో ఒకటి. పేరు చూసి మా వాడే తెలుగు చేశాడు, "నానమ్మనడుగు!" అని. మంచం మీద ఒత్తులు చేసుకుంటున్న మా అమ్మ వెంటనే కళ్లజోడు వెతుక్కుంది.

కథ చిన్నదే. మికీకి మేరీ అంటే ప్రాణం. జానీ అని ఒకడు పోటీ. మికీ వాళ్లమ్మేమో వాణ్ని మరీ సుకుమారంగా పెంచుతుంది. ఆవిడకి తెలియకుండా మనవడి పక్షాన నిలబడేది నానమ్మ. తెర మీద మాటలు రాసిన కార్డు పడ్డప్పుడల్లా నేను తెలుగులో చదివి చెబుతున్నాను.

నన్ను కట్టిపడేసింది మాత్రం మికీగా వేసిన మికీ డేనియల్స్ మొహం. ముక్కు మీదా బుగ్గల మీదా ఆవాలు చల్లినట్టు మచ్చలు. ఆ మొహంలో ఆశ, బెదురు ఒకదాని వెంట ఒకటి వచ్చిపోతుంటాయి. ఈ సినిమాలు తీసిన రాబర్ట్ మెక్‌గోవన్ పిల్లలకి సీను ఓ ఆటలా చెప్పేవాడట. కెమెరా తిరుగుతుండగానే పక్కన నిలబడి ఇలా చెయ్యి, అటు చూడు అంటూ మాట్లాడుతూనే ఉండేవాడట. మూకీ కాబట్టి ఆయన గొంతు ఫిల్ములో పడే భయం లేదు. పిల్లలకి ఆయన అంకుల్ బాబ్. అది తెలిశాక మికీని చూస్తుంటే వేరేగా ఉంది. మనకి వినపడని ఓ పెద్దాయన మాట ఆ పిల్లాడు శ్రద్ధగా వింటున్నాడు. 1929లో ఈ సిరీస్ టాకీ అయ్యాక ఆ వీలు పోయింది.

ఈ సిరీస్‌లో నల్లజాతి పిల్లల మీద వేసిన కొన్ని జోకులు ఇవాళ చూస్తే మనసు చివుక్కుమంటుంది. అయినా తెల్ల పిల్లలతో కలిసి వాళ్లు ఒకే గుంపుగా ఆడుకోవడం ఆనాటి అమెరికా తెర మీద అరుదు.

పడటాలూ దెబ్బలాటలూ నవ్విస్తాయి. మికీ ఇష్టాన్ని మాత్రం సినిమా ఎక్కడా చిన్నచూపు చూడదు. మొన్న మా వాడి మొహం చూసి, పిల్లల గోలే కదా అని నేను నవ్వేశాను. అలా నవ్వి ఉండకూడదు.

సగంలో వాడు నా మోచెయ్యి పట్టుకున్నాడు. "చదవకు నాన్నా, నాకు తెలుస్తోంది." కాసేపటికి లేచి వెళ్లి నానమ్మ మంచమెక్కాడు. అయిపోయాక ఆవిడ చెవిలో ఏదో చాలాసేపు చెప్పాడు. అమ్మ నవ్వలేదు. "ఊఁ, ఊఁ" అంటూ విన్నది.

రాత్రి తొమ్మిదింటికి నేను పక్కలు వేస్తుంటే, వంటింట్లోంచి మినప్పప్పు వేగుతున్న వాసన వచ్చింది.