చీమల డబ్బా: మూడో నెల

చీమల్ని సేకరించి, చుట్టరికం ప్రకారం అరల్లో పెట్టుకునే నా డబ్బాలో ఈ నెల అరలన్నీ మళ్లీ మార్చాల్సి వచ్చింది. కారణం ఒక్క చీమ. విశాఖ ఎంవీపీ కాలనీలో మా వీధి చివరి నిద్రగన్నేరు మాను మీద దొరికింది. తల, పొట్ట నలుపు, మధ్యంతా నారింజ. శాస్త్రీయ నామం టెట్రాపొనెరా రూఫోనైగ్రా. పట్టుకోబోతే కుట్టింది, వేలు గంటసేపు మండింది. అమ్మ పసుపు రాస్తూ, "చీమలకి పంచదార పెడతారు గానీ వేలు పెడతార్రా?" అంది.

గండుచీమకి నడుములో ఒకటే కణుపు. దీనికి రెండున్నాయి. మా వంటింటి చలిచీమలకీ రెండే కదా అని వాటి పక్కనే, మిర్మిసినే అనే ఉపకుటుంబం అరలో పెట్టేశాను. తర్వాత చదివితే తేలింది, డీఎన్ఏ లెక్క వేరట. 2006లో బ్రాడీ, మోరో అనే పరిశోధకుల బృందాలు విడివిడిగా గీసిన వంశవృక్షాలు రెండింటిలోనూ దీని ఉపకుటుంబం ఆస్ట్రేలియా బుల్‌డాగ్ చీమల పక్కన ఉంది. చలిచీమలు ఎక్కడో దూరపు చుట్టాలు. కణుపుల్ని నమ్ముకుంటే ఇదే గతి.

సరే, నేనూ గీద్దామనుకున్నాను. జెన్‌బ్యాంక్ అనే ఆన్‌లైన్ భాండాగారంలో డీఎన్ఏ సీక్వెన్సులు (అక్షరాల వరసలు) ఉచితం. ముందు సీఓఐ అనే జన్యువుతో చేస్తే అంతా కలగాపులగం. అది త్వరగా మారే జన్యువు. దగ్గరి జాతుల్ని విడదీయడానికి బాగుంటుంది గానీ పది కోట్ల ఏళ్లనాటి కొమ్మలకి పనికిరాదు. అందుకని వింగ్‌లెస్ అనే నెమ్మదిగా మారే జన్యువు తీసుకుని, పోలికకి చీమ కాని తేనెటీగని బయటి చుట్టంగా పెట్టి, మెగా సాఫ్ట్‌వేర్‌లో మజిల్ అనే పనిముట్టుతో సీక్వెన్సుల్ని ఒకదాని కింద ఒకటి వరస పెట్టాను. దాంతో వృక్షం గీసి చూస్తే ఒక గండుచీమ కొమ్మ తేనెటీగని కూడా దాటి స్క్రీన్ అంచుకి పోయింది! రెండు రాత్రులు బుర్ర బద్దలుకొట్టుకున్నాక తెలిసింది, ఆ ఒక్క సీక్వెన్సూ తిరగేసి ఉంది. తిరగేసినదాన్ని సరిచేసే రివర్స్ కాంప్లిమెంట్ నొక్కగానే కొమ్మ బుద్ధిగా ఇంటికొచ్చింది. టెట్రాపొనెరా బుల్‌డాగ్ పక్కనే చేరింది, కానీ బూట్‌స్ట్రాప్ అంకె (ఆ కొమ్మని ఎంత నమ్మొచ్చో చెప్పేది) అంత గట్టిగా లేదు. ఒక్క జన్యువుతో అంతే. బ్రాడీ వాళ్లు 7 జన్యువులు వాడింది అందుకే.

అన్నట్టు, మన ఉప్పుగాలికి డబ్బాలో వాడిన మామూలు గుండుసూదులు నెలలోనే తుప్పుపట్టాయి. స్టెయిన్‌లెస్ స్టీలువి కొనండి. చీమని అంటించే మూడు మూలల అట్టముక్కకి పాత శుభలేఖ భేషుగ్గా సరిపోతుంది. జిగురు మాత్రం సూదిమొనంతే.

టెట్రాపొనెరాకి ఇప్పుడు సొంత అర. పక్క అర బుల్‌డాగ్ కోసం ఖాళీగా ఉంచాను. మెల్‌బోర్న్‌లో ఉండే పిన్ని కొడుకు చచ్చిన చీమని కవర్లో పెట్టి పంపుతానన్నాడు. కస్టమ్స్ వాళ్లతో తలనొప్పెందుకని ఫోటో చాలన్నాను.