పసుపు మందారం కొంటే ఎర్ర మందారం పూసింది

నిన్న పొద్దున పూసింది. అరచేయంత పసుపు ముద్ద మందారం, నడుమ కుంకుమ బొట్టులా ఎరుపు. పద్నాలుగు నెలలు పట్టింది నాకు ఈ ఒక్క పువ్వు చూడ్డానికి.

కిందటేడు జనవరిలో నర్సరీలో 350 రూపాయలు పోసి కొన్నాను. అంటు మొక్క అన్నాడు, అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు. కుండీలోకి మార్చడం పెద్ద పనేం కాదు: ఎర్రమట్టి రెండు పాళ్లు, చివికిన పశువుల ఎరువు ఒక పాలు, కొబ్బరి పొట్టు ఒక పాలు, అడుగున చిల్లు. డాబా మీద ఎండ తగిలేచోట పెట్టాను. అయితే కాండం మొదట్లో చిన్న ముడిలాంటిది ఉంది, ఏదో దెబ్బ తగిలిందేమో, మట్టి కప్పితే మానుతుందిలే అని దాన్ని కూడా పూడ్చేశాను. గుర్తుపెట్టుకోండి ఈ ముడిని.

మే నెలలో పిండినల్లి పట్టింది. మొక్క మీదికి చీమలు బారులు కడుతున్నాయంటే అనుమానించండి, ఆ పురుగు కార్చే తీపి బంక కోసం చీమలే దానికి కాపలా కాస్తాయి. మందుల కొట్టతను పత్తికి కొట్టే మందు చేతిలో పెట్టాడు, దేవుడికి పెట్టే పువ్వుకి! తిరిగిచ్చేసి, 5 మి.లీ. వేపనూనెను కుంకుడు రసంలో గిలకొట్టి లీటరు నీళ్లలో కలిపి, వారానికోసారి సాయంత్రంపూట ఆకుల అడుగున కొట్టాను. మూడు వారాలకి పోయింది.

వానలు పడగానే మొదట్లోంచి రెండు చిగుళ్లు లేచాయి. ఏం బలం, ఏం బలం! రోజుకింత పెరుగుతుంటే నా చేతి చలవ అని మురిసిపోయాను. పక్కనే పాత కొమ్మ నీరసంగా ఉంది కదా, దీనికి పోయే బలం కూడా వాటికే పోతుందని కత్తెర తెచ్చి ఆ పాతదాన్ని నేనే కత్తిరించేశాను. సెప్టెంబరులో మొగ్గ వేసింది. ఫోటో తీసి కుటుంబం గ్రూపులో 'రేపు పసుపు మందారం' అని పెట్టాను, మా వదిన పొద్దున్నే చూడ్డానికి కూడా వచ్చింది. తీరా విచ్చుకున్నది ఎర్రటి రేక మందారం. ప్రతి గోడ పక్కనా ఉండే మందారమే. వదిన ఏమీ అనలేదు, టీ తాగి వెళ్లిపోయింది. అదే ఎక్కువ మండింది.

మోసం చేశాడని మండిపడుతూ నర్సరీకి వెళ్లాను. పదిమంది ముందు ఫోటో చూసి ఆయన తాపీగా, "సార్, ఇది మేం అమ్మిన మందారం కాదు, మీరు పెంచిన మందారం" అన్నాడు. "అంటు ముడికి, అంటే కొమ్మని అతికించిన చోటికి, కింద వచ్చే చిగుళ్లు ఎప్పటికప్పుడు గిల్లెయ్యాలి. వేళ్లు నాటు మందారానివి కదా, వదిలేస్తే అదే పైదాన్ని తినేస్తుంది. అసలు కొమ్మేది సార్?" నేనే కోశానని చెప్పలేక, ఎండిపోయిందన్నాను. ఎవరో నవ్వారు. అమ్మేరోజు ఈ మాట చెప్పడానికి ఆయన నోరెందుకు పెగలలేదో మాత్రం ఎవరూ అడగలేదు.

ఇంటికొచ్చి కోపంగా మట్టి తవ్వాను. ముడి కనబడింది, దాని పైన అంగుళం మోడు మిగిలింది. గోటితో గీరితే లోపల పచ్చగానే ఉంది! ఎర్ర కొమ్మల్ని మొదలంటా కోసేసి, ముడికి గాలి తగిలేలా మట్టి తీసేశాను. కోసిన కొమ్మలు ప్రహరీ పక్కన గుచ్చితే అన్నీ బతికాయి, వద్దనుకున్నవి అలాగే బతుకుతాయి. మోడు నుంచి మూడు వారాలకి కందిగింజంత చిగురు వచ్చింది, ఆకు గుండ్రంగా, దళసరిగా. నాటుదాని ఆకు అంచు రంపంలా ఉంటుంది, ఈ తేడా ముందే చూసి ఉండాల్సింది. నీళ్లు ఒకరోజు ఎక్కువ పోసి, ఒకరోజు మర్చిపోయి మొదటి రెండు మొగ్గలు రాల్చుకున్నాను. మూడోది నిలిచింది.

నిన్న ఫోటో గ్రూపులో పెట్టాను. వదిన అడిగింది, "నర్సరీలో తీశారా?" అని.