థీమ్ పార్కులో అమ్మమ్మ ఎక్కగలిగే రైడ్లు ఎన్ని?

పెద్ద థీమ్ పార్కుకి వెళ్లొచ్చినవాళ్లని ఎలా ఉందని అడగండి, వరసపెట్టి రోలర్ కోస్టర్ల పేర్లే చెబుతారు. ఎంత ఎత్తు, ఎంత స్పీడు, ఎన్నిసార్లు తలకిందులు చేసింది. నేను మాత్రం ముందు అడిగేది ఒక్కటే: నాలుగేళ్ల పిల్ల, మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మ, ఇంట్లోవాళ్లతో తిరగడమే నామోషీ అనుకునే పదిహేనేళ్ల కుర్రాడు, ఈ ముగ్గురూ ఒకే బండిలో పక్కపక్కన కూర్చోగలిగేవి అక్కడ ఎన్ని ఉన్నాయి? అలాంటివి అయిదారు కూడా లేకపోతే, ఎంత పెద్ద కోస్టర్ ఉన్నా నా దృష్టిలో అది కుటుంబాలకి కట్టిన పార్క్ కాదు. అక్కడ కుటుంబం పొద్దున గేటు దగ్గర విడిపోయి సాయంత్రం గేటు దగ్గరే కలుసుకుంటుంది, మధ్యలో ఒకరు బ్యాగులు కాపలా కాస్తుంటారు.

అసలు ఈ పార్కులు పుట్టడానికి కారణమే ఆ కాపలా. వాల్ట్ డిస్నీ తన ఇద్దరు కూతుళ్లనీ లాస్ ఏంజెలెస్‌లో గ్రిఫిత్ పార్కుకి తీసుకెళ్లేవాడట. పిల్లలు రంగులరాట్నం ఎక్కి తిరుగుతుంటే ఆయన బెంచీ మీద కూర్చుని చూస్తూ ఉండేవాడు. పెద్దవాళ్లూ పిల్లలూ కలిసి సరదాగా గడిపే చోటు ఒకటుంటే ఎంత బాగుంటుంది అన్న ఆలోచన అక్కడే మొదలైందని తర్వాత ఆయనే చెప్పాడు. 1955 జులై 17న లాస్ ఏంజెలెస్ దగ్గరే ఉన్న ఆనహైమ్‌లో డిస్నీల్యాండ్ తెరిచారు. ఈ రోజు మనం ఏ థీమ్ పార్క్ మ్యాపు చూసినా కనిపించే జోన్ల పద్ధతి అందరికీ అలవాటైంది ఆ పార్కుతోనే.

ఆ ప్లాన్ ఒకసారి శ్రద్ధగా చూడండి. లోపలికి రావడానికి ఒకటే దారి, పాతకాలపు ఊరి వీధిలా ఉంటుంది. ఆ వీధి చివర గుండ్రటి కూడలి, ఎదురుగా కోట. కూడలి నుంచి ఒక పక్కకి వెళ్తే అడవి, ఇంకో పక్కకి వెళ్తే గుర్రాలూ గనులూ ఉండే పాతకాలపు పశ్చిమ అమెరికా, కోట వెనక కథల లోకం, మరో వైపు రేపటి లోకం. తప్పిపోయినా, కాళ్లు నొప్పిపుట్టినా, ఎవరో ఒకరు ఏడుపు మొదలుపెట్టినా మళ్లీ ఆ కూడలికి వచ్చేయొచ్చు. పెద్దవాళ్లని అక్కడ కూర్చోబెడితే పార్క్ అంతా వాళ్ల ముందు నుంచే నడుస్తుంది. కూడలి లేకుండా పాములా ఒకే పొడుగు దారి ఉన్న పార్కుల్లో ముసలివాళ్లు ఎంత అలిసిపోతారో చూసినవాళ్లకి ఈ గుండ్రటి చోటు విలువ తెలుస్తుంది.

ఆ కోట ఎత్తు 77 అడుగులే, అంటే దాదాపు 23 మీటర్లు. అంత చిన్నది అంత పెద్దగా ఎలా కనిపిస్తుందంటే, కింది రాళ్లు పెద్దవి, పైకి పోయేకొద్దీ చిన్నవి అవుతాయి, కన్ను మోసపోయి అది ఎంతో ఎత్తుకి పోయిందనుకుంటుంది. పిల్లకి భయం పుట్టదు, పెద్దవాళ్లకి అద్భుతంగానే ఉంటుంది.

జోన్లలో నాకు అన్నిటికంటే ఇష్టమైనవి వాటి మధ్య ఉండే సరిహద్దులు. జనం అక్కడ ఆగరు, ఫోటో కూడా తీసుకోరు. మా అక్క కూతురితో ఒక పార్కులో నడుస్తున్నప్పుడు ఆ పిల్ల ఉన్నట్టుండి ఆగిపోయింది. కిందికి చూసి, "పిన్నీ, నేల మారిపోయింది!" అంది. నిజమే, అప్పటిదాకా నున్నటి ఎర్ర ఇటుకలు, అక్కణ్ణుంచి గరుకు రాళ్లు. ఒక అడుగు వెనక్కి, ఒక అడుగు ముందుకి వేసుకుంటూ అక్కడే ఆడుకుంది. అప్పుడు చెవులు రిక్కించి విన్నాను. వెనక జోన్ పాట పలచబడిపోయి, మధ్యలో నీళ్ల చప్పుడు వచ్చి, ఆ తర్వాత ముందు జోన్ పాట మొదలవుతోంది. రెండు పాటలు ఒకదాని మీద ఒకటి పడి గోల కాకుండా మధ్యలో చిన్న జలపాతం పెట్టారు. చెత్తడబ్బాలు, దీపస్తంభాలు, చెట్లు, పనివాళ్ల బట్టలు, అన్నీ ఆ నాలుగడుగుల్లోనే మారిపోయాయి. పిల్లలు నేలకి దగ్గరగా ఉంటారు కాబట్టి ఇవన్నీ వాళ్లకే ముందు కనిపిస్తాయి. మనం రైడ్ టైమింగులు చూసుకుంటూ వాళ్ల చెయ్యి పట్టుకుని లాక్కెళ్లిపోతాం.

ఈ సరిహద్దుల పట్టింపు ఎంతదాకా పోయిందో చెప్పాలి. డిస్నీల్యాండ్‌లో కౌబాయ్ వేషంలో ఉన్న ఒక ఉద్యోగి తన జోన్‌కి వెళ్తూ రేపటి లోకం మధ్యలోంచి నడిచిపోవడం చూసి వాల్ట్ డిస్నీ చాలా ఇబ్బంది పడ్డాడంటారు. అందుకే 1971లో ఫ్లోరిడాలో మ్యాజిక్ కింగ్‌డమ్ అనే ఇంకో డిస్నీ పార్క్ కట్టినప్పుడు ఉద్యోగులు తిరగడానికి పార్క్ అడుగున సొరంగాలు పెట్టారు. అక్కడ కొంచెం తవ్వితే నీళ్లు వస్తాయి, అందుకని ఆ సొరంగాలని నేల మట్టానే కట్టి వాటి మీద మట్టి పోసి పార్క్ నిలబెట్టారు. మనం నడిచేది నిజానికి రెండో అంతస్తు మీద. ఎవరికీ కనిపించకూడదనే అంత ఖర్చు పెట్టారు, నాకైతే అది చాలా గౌరవించాల్సిన పట్టుదల.

ఇక రైడ్లు. కుటుంబమంతా కలిసి ఎక్కాలంటే నా ఓటు చీకటి రైడ్లకి, అంటే ఒక భవనంలో బండిలోనో పడవలోనో కూర్చుంటే కథ మన చుట్టూ నడిచేవి. వీటిలో ఊపు తక్కువ, చూడాల్సింది ఎక్కువ. 1964లో న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్ కోసం కట్టి, 1966లో డిస్నీల్యాండ్‌లో తెరిచిన 'ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్' అనే బొమ్మల పడవ రైడ్ ఉంది, పడవలు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి కాబట్టి క్యూ కదులుతూనే ఉంటుంది. చంటిపిల్లని ఒళ్లో పెట్టుకుని అందరూ ఒకే పడవలో కూర్చోవచ్చు. టీనేజ్ వాళ్లు మొహం ముడుచుకుంటారు, కాసేపటికి వాళ్లే చెల్లెలికి "అటు చూడు, ఇటు చూడు" అని చూపిస్తుంటారు.

అదే డిస్నీల్యాండ్‌లో 1969లో వచ్చిన దెయ్యాల బంగళా సంగతి తెలిశాక నాకు ఈ కళ మీద గౌరవం ఇంకా పెరిగింది. లోపలికి వెళ్లగానే అందరినీ ఒక చిన్న గదిలో నిలబెడతారు. తలుపులు మూసుకుంటాయి, గోడలు సాగుతున్నట్టు, పటాలు కిందికి పెరుగుతున్నట్టు అనిపిస్తుంది. నిజానికి ఆ గది నేల ఒక లిఫ్ట్. పార్క్ చుట్టూ రైలు కట్ట ఉంది, రైడ్ జరిగే పెద్ద భవనం ఆ కట్టకి అవతల ఉంది. జనాన్ని రైలు పట్టాల కిందినుంచి అవతలికి దాటించాలి. ఆ అవసరాన్ని వాళ్లు కథలో భాగం చేశారు, మనకేమో గది సాగిందనిపిస్తుంది, కాళ్ల కింద నేల దిగిపోయిందని ఎవరికీ తట్టదు. 1967లో వచ్చిన సముద్రపు దొంగల రైడ్‌లో పడవ జారి కిందికి పడుతుందే, అదీ పట్టాల కిందికి వెళ్లడానికే. బంగళాలో దెయ్యాలు నాట్యం చేసే హాలు కూడా పాత నాటకాల ఉపాయమే. ఆరపార కనిపించే పెద్ద గాజు అద్దం, దానికి అవతల హాలు, మనకి కనపడని చోట వెలుగులో కదిలే బొమ్మలు. అద్దంలో వాటి ప్రతిబింబం పడుతుంది, మనకి ఆరపార కనిపించే దెయ్యాలు కనిపిస్తాయి. బండ్లు కూడా ఎక్కడా ఆగవు, ఎక్కే చోట పక్కనే నేల కూడా కదులుతూ ఉంటుంది.

ఈ చీకటి రైడ్లలో నాకు ఇంకోటి ఇష్టం, అమ్మ కూడా ఎక్కి కళ్లు మూసుకోకుండా చూసిన రకం. నెదర్లాండ్స్‌లో ఎఫ్టెలింగ్ అనే పార్కులో 1996లో విల్లా వోల్టా అని ఒకటి కట్టారు. బెంచీల మీద కూర్చుంటాం, ఇల్లు మన చుట్టూ గిర్రున తిరిగి తలకిందులైపోతుంది, అంటే మనమే తలకిందులైనట్టుంటుంది. బెంచీ మాత్రం కాస్త అటూ ఇటూ ఊగుతుంది అంతే. తిరిగేది గది. ఇలాంటి ఊయల ఇల్లు 1894లోనే శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక ఎగ్జిబిషన్‌లో ఉండేది. కోస్టర్ ఎక్కలేని వయసువాళ్లకి ఆ తలకిందుల అనుభవం ఇంత సురక్షితంగా ఇచ్చేది వేరే ఏదీ లేదు. (తల తిరిగే స్వభావం ఉన్నవాళ్లు కళ్లు మూసుకుంటే చాలు, ఏమీ జరగనట్టే ఉంటుంది.)

ఎఫ్టెలింగ్ పేరు వచ్చింది కాబట్టి కాస్త ఎక్కువే చెబుతాను. మన దగ్గర థీమ్ పార్క్ అంటే డిస్నీ పేరే వినిపిస్తుంది, కానీ ఎఫ్టెలింగ్ కథల అడవి డిస్నీల్యాండ్ కంటే మూడేళ్లు ముందే, 1952లో తెరిచారు. ఆంటన్ పీక్ అనే చిత్రకారుడు బొమ్మలు గీస్తే వాటిని చూసి కట్టారు. అసలు రైడ్ అనేదే లేదు అక్కడ, నిజమైన చెట్ల మధ్య నడుస్తూ ఒక్కో మలుపులో ఒక్కో కథ చూడటమే. ఒక చోట మెడ పొడుగు మనిషి కూర్చుని ఉంటాడు, చూస్తుండగానే మెడ చెట్ల పైకి లేస్తుంది. దారి పక్కన పుట్టగొడుగుల్లోంచి సన్నగా సంగీతం వస్తుంటుంది, పిల్లలు వంగి చెవి ఆనించి వింటారు. నాలుగేళ్ల పిల్ల నడక వేగమూ అమ్మమ్మ నడక వేగమూ దాదాపు ఒకటే, ఆ అడవి సరిగ్గా ఆ వేగానికి కట్టారు.

అక్కడి చెత్తడబ్బాల గురించి చెప్పకపోతే మనసొప్పదు. నోరు తెరుచుకుని కూర్చున్న ఒక బొద్దు మనిషి బొమ్మ, "కాగితం ఇక్కడ" అని డచ్ భాషలో అరుస్తూ ఉంటుంది. నోటి దగ్గర కాగితం పెడితే లోపలికి లాగేసుకుని థాంక్స్ చెబుతుంది. దాంతో పిల్లలు వేసేందుకు ఏమీ మిగలక, చుట్టుపక్కల నేల మీద పడ్డ కాగితాలన్నీ ఏరి తెస్తారు! చెత్త వేయకండి అని వంద బోర్డులు పెట్టినా రాని శుభ్రత ఒక బొమ్మతో వచ్చింది. డబ్బాని కూడా రైడ్ అంత శ్రద్ధగా తయారుచేసినవాళ్ల పార్కులో మిగతాది ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

దేశాల పేరుతోనో రేవుల పేరుతోనో జోన్లు పెట్టే పార్కులు ఇంకో రకం. జర్మనీలో రుస్ట్ అనే చిన్న ఊళ్లో 1975లో మొదలైన యూరోపా పార్క్ అసలు మాక్ కుటుంబం తమ కంపెనీ తయారుచేసే రైడ్లని కొనేవాళ్లకి చూపించడానికి పెట్టుకున్నది. 1982లో ఇటలీ జోన్‌తో దేశాల వరస మొదలైంది. టోక్యో డిస్నీసీలో జోన్లన్నీ రేవులు, 2001లో ఏడుతో తెరిచి 2024లో ఎనిమిదోది కలిపారు. ఇవి ఫోటోలకి బ్రహ్మాండంగా ఉంటాయి.

ఇప్పుడు కాస్త కష్టమైన విషయం, రైడ్ ఎక్కే ముందు పిల్లల ఎత్తు కొలిచే కర్ర. డిస్నీల్యాండ్ కోస్టర్లలో స్పేస్ మౌంటెన్‌కి కనీసం 40 అంగుళాలు, అంటే 102 సెంటీమీటర్లు ఉండాలి, మ్యాటర్‌హార్న్‌కి 42. అది సేఫ్టీ బార్ ఒంటికి సరిగ్గా ఆనాలని పెట్టిన నియమం, సిబ్బందితో వాదించి లాభం లేదు, వాదించకూడదు కూడా. కానీ గంటన్నర క్యూలో నిలబడ్డాక కర్ర దగ్గర వెనక్కి పంపిస్తే ఆ పిల్ల ఏడుపు ఆ పూటంతా ఆగదు. ఇంట్లోనే చెప్పులు విప్పించి గోడకి ఆనించి కొలవండి, ఏవి ఎక్కొచ్చో ఏవి ఎక్కకూడదో ముందు రోజే పిల్లకి చెప్పేయండి, టెన్షన్ సగం పోతుంది. పెద్ద పార్కులు చాలావాటిలో తల్లిదండ్రులు వంతులవారీగా ఎక్కే ఏర్పాటు ఉంటుంది. ఒకరు రైడ్ ఎక్కి వచ్చాక రెండోవాళ్లు మళ్లీ మొత్తం క్యూ నిలబడక్కర్లేదు. దీని గురించి పెద్ద బోర్డు ఉండకపోవచ్చు, క్యూ మొదట్లో ఉన్నవాళ్లని అడగాలి.

నాకు కోపం వచ్చేది మాత్రం చిన్నపిల్లల జోన్‌ని ఒక మూలకి నెట్టేసే పార్కుల మీద. నాలుగు ప్లాస్టిక్ జంతువులు, నీడ లేని రంగులరాట్నం, తల్లిదండ్రులకి కూర్చునే చోటు లేదు. పెద్ద కోస్టర్ మీద పెట్టిన శ్రద్ధలో పదో వంతు అక్కడ పెట్టినా చాలు, పార్కులో ఎక్కువసేపు ఉండేది పిల్లలున్నవాళ్లే కదా.

ప్లాన్ వేసుకునేటప్పుడు రైడ్ల జాబితా పెట్టుకుని ఒక మూల నుంచి ఇంకో మూలకి పరిగెత్తకండి, అలా చేస్తే సగం రోజు నడకే. జోన్ల వారీగా వెళ్లండి. గేటు తెరవగానే జనం మొదట కనపడ్డ జోన్‌లోనే ఆగిపోతారు, మీరు ఆగకుండా అన్నిటికంటే దూరంగా ఉన్నదానికి వెళ్లి వెనక్కి వస్తూ చూడండి. ఎండ ఎక్కువగా ఉన్నప్పుడు చీకటి రైడ్లూ షోలూ పెట్టుకోండి. పొద్దున్నే పిల్లల ఫోటో ఒకటి తీసి ఉంచండి, తప్పిపోతే ఏ రంగు బట్టలు వేశారో గుర్తు తెచ్చుకోవాల్సిన అవసరం ఉండదు. ఫోన్ నంబర్ వాళ్ల చేతికి కట్టండి. పొద్దున చూసిన జోన్‌నే దీపాలు పెట్టాక ఇంకోసారి చూడండి, అదే దారి కొత్తగా ఉంటుంది. మూసే టైమ్ దగ్గరపడిందని కంగారు పడకండి, చాలా పార్కుల్లో ఆ టైమ్‌కి క్యూ ద్వారం మూస్తారు గానీ అప్పటికే క్యూలో ఉన్నవాళ్లని ఎక్కిస్తారు. కాబట్టి అందరికీ నచ్చిన రైడ్ ఏదో మధ్యాహ్నమే అడిగి పెట్టుకుని, చివరి పావుగంటలో దాని క్యూలోకి అందరూ కలిసి వెళ్లిపోండి, అమ్మమ్మతో సహా.