అప్పటికే దిగిపోయింది

నాసా రోవర్ పెర్సెవరెన్స్ మార్స్ మీద దిగిన వీడియో మళ్లీ చూశా. 2021 ఫిబ్రవరిలో లైవ్ వచ్చినప్పుడు మనకి తెల్లవారుజామున రెండున్నర కావస్తోంది, పక్క గదిలోంచి నాన్న "ఇంకా పడుకోలేదా" అని కేకేస్తున్నా కదల్లేదు. అసలు టెన్షన్ ఎక్కడంటే, సిగ్నల్ ఇక్కడికి రావడానికి 11 నిమిషాలకు పైనే పడుతుంది, దిగడానికేమో ఏడే నిమిషాలు, అంటే కంట్రోల్ రూమ్‌లో నాసా ఇంజనీర్ స్వాతి మోహన్ ఒక్కో దశా చెబుతున్న సమయానికే అది నేల మీద నిలబడిందో ముక్కలైందో తేలిపోయింది! ఇక్కడి నుంచి బ్రేక్ వేసేవాళ్లెవరూ లేరు. పారాచూట్ విప్పుకోవడం, కింద నేలని ఫొటోలు తీసి మ్యాప్‌తో పోల్చుకుని మంచి చోటు వెతుక్కోవడం, అన్నీ దాని పనే. చివర్లో రాకెట్ల క్రేన్ టన్ను బరువున్న రోవర్‌ని తాళ్లతో మెల్లగా దించి, తాళ్లు తెంచుకుని దూరంగా పోయి కూలిపోతుంది. పాపం, దాన్నెవరూ తలుచుకోరు.

నాకు మాత్రం అన్నిటికంటే దీనికంటే ముందు మార్స్ మీద దిగిన రోవర్ క్యూరియాసిటీ చక్రాల ఫొటోలంటే ఇష్టం. 2012లో దిగింది, రాళ్ల మీద తిరిగి తిరిగి అల్యూమినియం రేకు చిల్లులు పడి అక్కడక్కడా చిరిగిపోయింది, అయినా ఆ చక్రాలతోనే అక్కడి షార్ప్ పర్వతం వాలు ఎక్కింది. ఆ చిల్లులు చూశాకే పెర్సెవరెన్స్‌కి రేకు మందం పెంచారు, పట్టు కోసం ఉండే గట్ల తీరు కూడా మార్చారు.