పంజాగుట్ట అనలేక

ఇరవై మూడేళ్లు వచ్చేదాకా నాకు మాటకు లోటు లేదు. చిన్నప్పుడు వస ఎక్కువ పోశారని మేనత్త వెక్కిరించేది. ఉద్యోగంలో చేరిన మూడో నెలలో ఒకరోజు బస్సులో కండక్టరు ఎక్కడికని అడిగితే 'పం' దగ్గర పెదవులు అతుక్కుపోయాయి. వెనక జనం తోస్తున్నారు. 'అమీర్‌పేట' అనేసి, అక్కడ దిగి పంజాగుట్టకు నడిచాను. ఆ నెలంతా అలాగే నడిచాను. ఫోనులో పేరు అడిగితే 'నేనే' అనేవాణ్ణి. ఆ నేను ఎవరో వాళ్లే కనుక్కోవాలి.

ఒక రాత్రి తమ్ముడితో మాట్లాడుతూ ఒక మాట మీద ఎంతసేపు ఆగిపోయానంటే, లైను తెగిందనుకుని వాడు పెట్టేశాడు. అప్పుడు తాతయ్య గుర్తొచ్చారు. ఆయనకు పక్షవాతం మాట తడబడటంతోనే మొదలైంది. హాస్టల్ స్నానాల గదిలో అద్దం ముందు నిలబడి, మూతి వంకర పోతుందేమోనని నవ్వి చూసుకున్నాను. రెండు చేతులూ ఎత్తి లోలోపల వంద లెక్కపెట్టాను. పడుకున్నాను, లేచాను, మళ్లీ నవ్వాను. తెల్లవారేసరికి దవడలు నొప్పి పుట్టాయి. ఏమీ కాలేదు గనక చెప్పుకుంటున్నాను గానీ, అలా ఆగడం శుద్ధ తెలివితక్కువ. ఉన్నట్టుండి మాట తడబడినా, మూతి వంకర పోయినా, చెయ్యి పట్టు తప్పినా అప్పుడే 108కి ఫోన్ చేయండి. రక్తపు గడ్డను కరిగించే మందు మామూలుగా మొదటి నాలుగున్నర గంటల్లోనే ఇస్తారు.

ఎమ్మారైలో ఏమీ లేదు. పెద్ద డాక్టరు ఫిల్ములు పక్కన పడేసి, నన్ను వదిలేసి నాన్నను చూస్తూ, "పెళ్లి చేయండి, అదే సర్దుకుంటుంది" అన్నారు. ఎదురు చెప్పబోయి 'పె' దగ్గరే ఆగిపోయాను. ఆయన నవ్వారు. ఆ నవ్వును నేను క్షమించలేదు.

స్పీచ్ థెరపిస్టు మాత్రం శుక్లాంబరధరం చెప్పమన్నారు. 'ప్రసన్నవదనం' దగ్గర కూడా తొణక్కుండా వచ్చింది. మెదడు దెబ్బతిని వచ్చిన నత్తి అయితే చాలామందికి శ్లోకంలోనూ అడ్డుపడుతుందట. ఆవిడ అమ్మవైపు తిరిగి, "చిన్నప్పుడు ఉండేదా?" అన్నారు.

అమ్మ కొంగు సర్దుకుంది. "నాలుగో ఏట ఆరు నెలలు. వస అరగదీసి నాలుక మీద రాశాం, పోయింది. గుర్తుచేస్తే తిరిగొస్తుందని ఇంట్లో ఎవరినీ ఆ మాట ఎత్తనివ్వలేదు."

మేనత్త వెక్కిరింతకు అర్థం అప్పుడు తెలిసింది. ఇంటికి చేరేదాకా అమ్మతో మాట్లాడలేదు. నత్తి వల్లనే అనుకుందేమో పాపం.

ఎనిమిది నెలలు సాధన చేశాను. మొదటి అక్షరాన్ని ఊపిరితో మెల్లగా వదలాలి, అడ్డుపడిందని మాట మార్చేయకూడదు. సెలవులకు ఇంటికి వెళితే అమ్మ నాచేత పేపరు చదివించుకునేది. నేను ఎంతసేపు ఆగినా మాట అందించకుండా కూర్చునేది. మొక్కు తీర్చడానికి కనకదుర్గమ్మ కొండకు వెళ్లినప్పుడు థెరపిస్టు పేరు మీద నేనూ ఒక కొబ్బరికాయ కొట్టాను. నత్తి పూర్తిగా పోలేదు. అమ్మ మీద కోపమూ అంతే.

మొన్న బస్సులో "పం... పంజాగుట్ట" అన్నాను. కండక్టరు తలెత్తకుండా టికెట్ చేతిలో పెట్టి, చిల్లర లేదా అని విసుక్కున్నాడు.