కేపీహెచ్‌బీలో కూర్చుని సముద్రం గురించి

మొన్న ఆదివారం కేపీహెచ్‌బీలో మా పిన్ని వాళ్ళింటికి భోజనానికి వెళ్తే వాళ్ళమ్మాయి కంచం ముందే నన్ను పట్టేసుకుంది. బీఎస్సీ ఫిజిక్స్ ఫైనల్ ఇయర్ దానిది, సముద్రం లోతుల్లోకి మనుషుల్ని పంపే మన సముద్రయాన్ ప్రాజెక్ట్ వీడియోలు చూసి చూసి "అక్కా, నేనూ మీ సముద్రాల లైన్‌లోకే వస్తా" అంటోంది. పిన్ని గరిటె చేతిలో పట్టుకునే "హైదరాబాద్‌లో సముద్రం ఎక్కడుందే, హుస్సేన్ సాగరా?" అంది. ఈ జోకు నేను ఉద్యోగంలో చేరినప్పట్నుంచీ వింటున్నా, ఇప్పుడు నవ్వు కూడా రావట్లేదు.

పిన్ని ఇంటికి దగ్గర్లోనే, ప్రగతినగర్‌లో, ఇన్‌కాయిస్ అని సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. 1999లో పెట్టారు. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు హిందూ మహాసముద్రానికి హెచ్చరిక వ్యవస్థ అన్నదే లేదు, ఆ దెబ్బ తర్వాత 2007లో ఇక్కడే సునామీ సెంటర్ మొదలైంది. అర్ధరాత్రి సుమత్రా దగ్గర భూమి కదిలితే మనం నిద్రపోతుంటాం, అక్కడ మాత్రం స్క్రీన్ల ముందు మనుషులు మెలకువగానే ఉంటారు.

ఇక సముద్రయాన్. దానికోసం మత్స్య 6000 అనే జలాంతర వాహనాన్ని చెన్నైలో ఎన్‌ఐఓటీ (సముద్ర టెక్నాలజీ సంస్థ) వాళ్ళు తయారుచేస్తున్నారు, 2.1 మీటర్ల టైటానియం గోళం, అందులో ముగ్గురు కూర్చుని 6000 మీటర్ల లోతుకి వెళ్ళాలి. ప్రతి 10 మీటర్లకీ ఒక అట్మాస్ఫియర్ చొప్పున ప్రెషర్ పెరుగుతుంది కాబట్టి అంత లోతులో మన మీదున్న గాలి ఒత్తిడికి 600 రెట్లు. వింటుంటే నాకూ ఒళ్ళు జలదరిస్తుంది, కాదనను. కానీ అందులో సీట్లు మూడే కదా తల్లీ అన్నా. మిగతా మేమంతా ఏం చేస్తామో అది చెప్పాలి అసలు.

నేను సముద్రాన్ని కొలిచే ఆర్గో ఫ్లోట్ల డేటా చూస్తా. ఫ్లోట్ అంటే ఇంచుమించు మనిషంత ఎత్తుండే గొట్టం, పైన చిన్న యాంటెన్నా. ఓడ మీంచి వదిలేస్తే 1000 మీటర్ల లోతుకి దిగి అక్కడే ప్రవాహంతో పాటు కొట్టుకుపోతూ ఉంటుంది, తర్వాత 2000 దాకా దిగి, లోపలున్న ఆయిల్‌ని బయటి సంచిలోకి పంపు చేసుకుంటే ఒళ్ళు ఉబ్బి తేలుతుంది, పైకొస్తూ వేడీ ఉప్పూ కొలుచుకుంటూ వచ్చి శాటిలైట్‌కి పంపేస్తుంది, మళ్ళీ మునుగుతుంది. పది రోజులకోసారి ఇదే పని. ప్రపంచం మొత్తం మీద ఇలాంటివి 4000 దాకా తిరుగుతున్నాయి.

చేరిన కొత్తలో ఒక జనవరిలో ఉత్తర బంగాళాఖాతం నుంచి ఒక ప్రొఫైల్, అంటే లోతుని బట్టి కొలతల గ్రాఫ్, వచ్చింది, పైన నీళ్ళు చల్లగా, కింద 40, 50 మీటర్ల దగ్గర వెచ్చగా. వెచ్చటి నీళ్ళు కదా పైనుండాలి, సెన్సర్ పాడైందనుకుని బ్యాడ్ డేటా అని మార్క్ కొట్టేశా. మా సీనియర్ గారు చూసి "సెన్సర్‌కేం కాలేదమ్మా, ఉప్పు గ్రాఫ్ తెరువు" అన్నారు. తెరిస్తే పైన ఉప్పు బాగా తక్కువ. గంగా బ్రహ్మపుత్రల మంచినీళ్ళు తేలికగా పైన మూతలా పరుచుకుంటాయి, చలికాలంలో ఆ పై పొర చల్లబడినా కిందకి మునగదు, కింద వేడి అలాగే దాగుంటుంది. తుఫాన్ల అంచనాకి ఈ మూత లెక్క చాలా అవసరం. ఎక్కడో హిమాలయాల్లో పుట్టిన నీళ్ళు నా లాప్‌టాప్‌లో ఒక వంకర గీతలా కనబడ్డాయి, ఆరోజు మధ్యాహ్నం లంచ్ బాక్స్ తెరవడం కూడా మర్చిపోయా.

చదువు సంగతికొస్తే వైజాగ్‌లో ఆంధ్రా యూనివర్సిటీ ఉంది, కొచ్చిలో కుసాట్ అనే యూనివర్సిటీ ఉంది, ఫిజిక్సూ మ్యాథ్సూ ఉంటే చాలు, పైథాన్ ప్రోగ్రామింగ్ ఇప్పట్నుంచే నేర్చుకో అన్నా. సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్ష రాసి ఎర్త్ సైన్సెస్‌లో జేఆర్‌ఎఫ్ (రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకి 37,000, హెచ్‌ఆర్‌ఏ వేరే. తర్వాత మాత్రం కొన్నాళ్ళు ప్రాజెక్ట్ పోస్టులే, ఏడాదికోసారి రెన్యువల్, మార్చి వచ్చిందంటే నాకు గుండె దడే, సాఫ్ట్‌వేర్‌లో ఉన్న క్లాస్‌మేట్స్ జీతాలు వినకుండా ఉండటమే మంచిది. అదీ దాచలేదు.

"ఆడపిల్ల ఓడలెక్కి తిరుగుద్దా?" అని పిన్ని. ఎక్కా పిన్నీ, మొదటి మూడు రోజులు వాంతులే, అల్లం ముక్క నోట్లో పెట్టుకుని బంక్ మీంచి లేవలేదు, నాలుగో రోజు నా చేత్తో తాడు పట్టుకుని ఫ్లోట్ దించా.

ఇది విని పిన్ని మెత్తబడుతుందనుకున్నా. ఆవిడ మాత్రం చేపల దగ్గర ఆగిపోయింది. శాటిలైట్‌లో నీటి వేడీ, పచ్చదనం చూసి చేపలు ఎక్కడ దొరకొచ్చో వేటకెళ్ళే వాళ్ళకి ఇక్కడ్నుంచే చెప్తారని అనడం నాదే తప్పు. "చేపలెక్కడున్నాయో మీకు ముందే తెలిస్తే ఇక్కడ వంజరం ఆ రేటెందుకే మరి?"

పిల్ల అప్పటికే ఆర్గో డేటా డౌన్‌లోడ్ పెట్టేసింది, అది అందరికీ ఫ్రీనే.