రే టౌన్‌లో ఒక ఆదివారం

జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో దిగేదాకా, ఆ దేశపు సంగీతమైన రెగేను నేను విన్నదంతా ఇయర్‌ఫోన్లలోనే. ఈ సంగీతానికి ప్రాణం బేస్ గిటారు అని ఎక్కడ చదివినా తల ఊపేవాడిని. ఆ మాట ఒంటికి పట్టింది మాత్రం అక్కడే, ఒక ఆదివారం రాత్రి.

ఆ రోజు ఉదయం ముందుగా నగరంలోని పేదల పేట ట్రెంచ్‌టౌన్‌లో ఉన్న కల్చర్ యార్డ్‌కు వెళ్లాను. యార్డ్ అంటే నాలుగైదు కుటుంబాలు కలిసి వాడుకునే వాకిలి. చుట్టూ ఒంటి గదులు, అందరికీ కలిపి ఒక వంటిల్లు. రెగే గాయకుడు బాబ్ మార్లే కుర్రతనంలో తలదాచుకున్న గది చూపించారు. మంచం వేస్తే ఇక మనిషి మసలడానికి చోటుండదు. ‘నో ఉమన్, నో క్రై’ పాటలో రాత్రిపూట నెగడు వేసుకుని, మొక్కజొన్న జావ కాచుకుని పంచుకున్న జ్ఞాపకం ఉంటుంది కదా, అది ఇలాంటి వాకిలి సంగతే. 1974లో వచ్చిన ఆ పాటకు రచయితగా వేసింది మార్లే పేరు కాదు, విన్సెంట్ ఫోర్డ్ పేరు. ట్రెంచ్‌టౌన్‌లో ఆకలితో వచ్చినవాళ్లకు వండిపెట్టిన మనిషి ఆయన. ఆ వంటింటి గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడిపోయాను.

హోప్ రోడ్డు 56వ నంబరు ఇల్లు ఇప్పుడు మార్లే మ్యూజియం. 1976 డిసెంబరు 3న దుండగులు ఆయన మీద కాల్పులు జరిపింది అక్కడే. తూటాల గుర్తులు గోడకు ఇంకా ఉన్నాయి. రెండు రోజులకే ఆయన గాయాలతో వేదికెక్కి పాడాడు.

తిరిగి వస్తుంటే టాక్సీ డ్రైవరు నన్ను అద్దంలో చూసి, ఇండియా నుంచి వచ్చారా అని అడిగి పాట మార్చాడు. గలగలమని చప్పట్లు. ‘దివాలీ’ రిడిమ్ అన్నాడు. రిడిమ్ అంటే పాట లేని వాద్యవరుస. ఒకే రిడిమ్ మీద పది మంది గాయకులు పది పాటలు కట్టడం, రెగే నుంచి పుట్టిన డాన్స్‌హాల్ సంగీతపు పద్ధతి. మన దగ్గర ఒకే బాణీలో ఊరూరా వేర్వేరు పాటలు కట్టుకున్నట్టే. స్టీవెన్ మార్స్‌డెన్ చేసిన ఈ వరుస మీద షాన్ పాల్ పాడిన పాట 2003లో ప్రపంచమంతా మోగింది. దివాలీ అన్న పేరు వినగానే ఒళ్లు పులకరించింది. 1845లో మన దేశపు కూలీలు మొదటి ఓడలో ఇక్కడ దిగారు. రెగే పాటల్లో పదేపదే వినబడే ‘గంజా’ అన్న మాట వాళ్లతో వచ్చిందే.

రాత్రి రే టౌన్. సముద్రానికి దగ్గరగా ఉన్న పాత పేట. ఆదివారాల్లో వీధిలోనే పాత పాటల నాట్యం. రోడ్డు పక్కన మనిషి కంటే ఎత్తయిన స్పీకరు పెట్టెలు బీరువాల్లా పేర్చి ఉన్నాయి. దీన్నే సౌండ్ సిస్టమ్ అంటారు. 1950లలో రేడియో కొనలేని జనం ఈ పెట్టెల చుట్టూ చేరేవారు. వీటిని నడిపిన డ్యూక్ రీడ్, కాక్సన్ డాడ్ లాంటివాళ్లు అమెరికా నుంచి రికార్డులు తెప్పించి, పోటీదారుకు పాట పేరు తెలియకుండా వాటి మీది కాగితాన్ని గీకేసేవారు. అక్కడి రికార్డుల తీరు మారిపోయాక, తమ వీధికి కావలసిన పాటలు తామే చేయించుకున్నారు. డాడ్ 1963లో స్టూడియో వన్ అనే రికార్డింగ్ స్టూడియో పెట్టాడు. ముందు స్కా, తర్వాత రాక్‌స్టెడీ అనే సంగీత రీతులు, 1968 నాటికి రెగే, అన్నీ ఈ పెట్టెల కోసం పుట్టినవే. అందుకే వీటిని పెట్టెల ముందు నిలబడి వినాలి.

పాట మొదలైంది. ముందుగా తెలిసింది నా చెవులకు కాదు. చొక్కా గుండీల దగ్గర బట్ట అదిరింది. చేతిలోని ప్లాస్టిక్ గ్లాసులో నీళ్ల మీద సన్నని వలయాలు లేచాయి. వెనక రేకుల కంచె బేస్‌తో పాటు జుమ్మంటోంది. నాలుగు దెబ్బల వరుసలో మొదటిది ఖాళీ. మూడోదాని మీద డ్రమ్ము బరువంతా దిగుతుంది. రెండు, నాలుగు మీద గిటారు తెగగోసినట్టు పలుకుతుంది. సమం మీద దెబ్బ పడాలని ఎదురుచూసే నా చెయ్యి, అక్కడ ఏమీ లేకపోయేసరికి గాలిలో ఆగిపోయింది. ఆ ఖాళీలో కాలు దానంతటదే కదిలింది. ఇయర్‌ఫోన్లలో ఇన్నేళ్లూ నాకు అందనిది ఆ ఖాళీయే.

నా ముందు అరవై దాటిన జంట. ఆయనకు ఇస్త్రీ మడత చెదరని ప్యాంటు, ఆమె తలకు పచ్చ గుడ్డ. అడుగు కూడా పక్కకు వేయకుండా, నడుము మాత్రం కదుపుతూ, కళ్లు మూసుకుని ఆడుతున్నారు. ఇక్కడ రికార్డులు వేసేవాణ్ని సెలెక్టర్ అంటారు, మైకు పట్టి మాట్లాడేవాడే డీజే. డీజే ఏదో అన్నాడు. నాకు అర్థం కాలేదు, వీధంతా నవ్వింది. ఆమె కళ్లు తెరిచి, నా భుజం తట్టి, నెమ్మదిగా అడుగు వేసి చూపించింది.

ఇంకో పాట అందుకుంది. రెండు వరుసలైనా పూర్తికాకముందే జనం కంచె రేకుల మీద అరచేతులతో దబదబా బాదారు. నాకు తెలియకుండానే నేనూ బాదాను. సెలెక్టర్ రికార్డును వెనక్కి లాగాడు, పాట కీచుమని ఆగింది. క్షణం పాటు వీధిలో ఏ చప్పుడూ లేదు. తర్వాత మళ్లీ మొదటి నుంచి వేశాడు.